పొగ మానదలచిన రోగి, చేతిలోని సెల్‌ఫోను

ధూమపానము ఆరోగ్యమునకు హానికరమని తెలియని రోగి నేడు అరుదు. బీడీ కట్ట మీదను, సిగరెట్టు పెట్టె మీదను, సినిమా తెర మీదను ఆ హెచ్చరిక అతనికి కనబడుచునే యున్నది. అయినను వైద్యుని యెదుట కూర్చుండి దగ్గుచున్న మనిషిని “పొగ త్రాగు అలవాటు కలదా?” అని ప్రశ్నించినచో, “మానాలనే ఉందండీ, మానలేకపోతున్నాను” అను జవాబు వచ్చుట ఆసుపత్రులలో నిత్యము జరుగు సంగతి. ఈ జవాబును సాకుగా కొట్టివేయుట తగదు. 2016-17 సంవత్సరములలో దేశమంతట జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో, పెద్దవారిలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లును, 10.7 మంది పొగ త్రాగుచున్నట్లును తేలినది. ఆ పొగ త్రాగువారిలో నూటికి 55.4 మంది, అనగా సగమునకు మించినవారు, మానుటకు తలపెట్టుచున్నట్లో ఆలోచించుచున్నట్లో చెప్పిరి. అంతకు ముందటి పండ్రెండు నెలలలో మానుటకు నిజముగా యత్నించినవారు నూటికి 38.5 మంది. ఇంతమంది యత్నించియు తిరిగి ఆ అలవాటునకే లోనగుచున్నారనగా, వారికి అందవలసిన సహాయము అందవలసిన వేళకు అందుటలేదని గ్రహింపవలసి యున్నది.

ఆ వేళ ఏది? పొగాకులోని నికోటిను అను పదార్థము, పొగ పీల్చిన కొద్ది సెకండ్లలోనే మెదడును చేరును. దానికి అలవడిన శరీరమునకు అది అందనిచో చికాకు, నిద్రలేమి, పని మీద మనస్సు నిలువకుండుట, ఆకలి హెచ్చుట మున్నగు బాధలు కలుగును. ఈ బాధలు మొదటి రెండు మూడు దినములలో తీవ్రముగా నుండి, రెండు నుండి నాలుగు వారములలో క్రమముగా తగ్గును. కాని ఒక్కొక్క మారు పొగ కావలెనని కలుగు కోరిక కొద్ది నిమిషములే యుండును. ఆ నిమిషములు గడచినచో అది దానంతట అదియే సడలును. చిక్కేమనగా, ఆ నిమిషములు ఆసుపత్రిలో రావు. తెల్లవారి కాఫీ త్రాగిన వెంటనే వచ్చును, భోజనానంతరము వచ్చును, టీ కొట్టు వద్ద స్నేహితుడు పెట్టె తెరచి చేయి చాచినప్పుడు వచ్చును. మంగళవారము ఉదయమున వైద్యుడు చెప్పిన హితవు గురువారము సాయంకాలము టీ కొట్టు దాక నిలుచుట కష్టము. ఆ సమయమున రోగి చొక్కా జేబులో నుండునవి రెండు వస్తువులు: అగ్గిపెట్టె, సెల్‌ఫోను.

ఈ విషయమును ఆలోచించుటకు పుదుచ్చేరి పట్టణము తగిన చోటు. 1823లో ఫ్రెంచి పాలకులు ఇచ్చట నెలకొల్పిన వైద్య పాఠశాలయే కాలక్రమమున పెరిగి, 1964 నుండి జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్యవిద్యా పరిశోధన సంస్థ యను పేరు దాల్చినది. జనులు దానిని జిప్మరు అందురు. అది కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ క్రిందనే యున్నది. దాని వాకిట తెల్లవారక మునుపే బారులు తీరు జనులలో పట్టణవాసుల కంటె, చుట్టునున్న తమిళనాడు జిల్లాలైన విల్లుపురము, కడలూరుల నుండి బస్సులలో వచ్చినవారు తక్కువేమియు కారు. తెలుగువారును అందు కానవత్తురు. పుదుచ్చేరి ప్రాంతములలో నొకటియగు యానాము గోదావరీ తీరమున, పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది; 1965 నాటి అధికార భాషా చట్టము అచ్చట తెలుగునకు స్థానమిచ్చినది. అంత దూరము నుండి వచ్చి, ఒక ఉదయము వైద్యుని చూచి, సాయంకాలమునకు రైలెక్కు రోగికి ‘వచ్చే వారము కనబడుడు’ అని చెప్పుట వలన ప్రయోజనము లేదు. అతనికిని ఆసుపత్రికిని నడుమ మిగులు సంబంధము ఫోను నెంబరొక్కటియే.

ఫోను ద్వారా వచ్చు మాటకు నిజముగా బలము కలదా యను సందేహము సహజమైనది. ఇది పరీక్షకు నిలిచిన విషయము. 2005లో ప్రకటితమైన న్యూజిలాండు పరిశోధనలో 1705 మంది పాల్గొనిరి. ఆరు వారముల పిమ్మట, క్రమముగా సందేశములు పొందినవారిలో నూటికి 28 మందియు, పొందనివారిలో 13 మందియు పొగ మానినట్లు చెప్పిరి. 2011లో ప్రకటితమైన బ్రిటిషు పరిశోధన ఇంకను పెద్దది. అందు దాదాపు 5800 మంది కలరు. అచ్చట రోగి మాటను మాత్రమే నమ్మక, లాలాజలమును గూడ పరీక్షించిరి. ఆరు నెలలు నిలకడగా మానినవారు సందేశములు పొందిన పక్షమున నూటికి 10.7, ఇతర పక్షమున 4.9. నూటికి పదునొకరు మానిరనుట అల్పముగా తోచవచ్చును. కాని లెక్క మరియొక విధమున చూడవలెను: వేయిమందికి సందేశములు పంపినచో, పంపకున్న దానికంటె సుమారు 58 మంది అదనముగా పొగను విడుతురు. పొగ త్రాగువారు వేల సంఖ్యలో వచ్చు పెద్ద ఆసుపత్రికి ఇది ఎంత ప్రాణరక్షణయో ఊహింపవచ్చును. ఖర్చు చూడబోయిన సందేశముల ఖర్చే. ఒక జాగ్రత్త మాత్రము చెప్పవలెను. ఆ పరిశోధనలలో చేరినవారు మానుటకు ముందే ఇచ్చగించినవారు, తమ ఫోనులో తమ భాషలో వచ్చినది తామే చదువుకొనగలిగినవారు. ఈ రెండవ నిబంధన పుదుచ్చేరి వాకిట నిలిచిన రోగికి ఎంతవరకు వర్తించునో చూచుకొననిదే ఆ అంకెలను ఇచ్చటికి తెచ్చుకొనరాదు.

భారత ప్రభుత్వము ఈ మార్గమున ఆలస్యము చేయలేదు. 2016 జనవరిలో, ఒక మిస్డ్ కాల్ ఇచ్చినంతనే పొగాకు మానుటకు తోడ్పడు సందేశములు పంపు పథకము ప్రారంభమైనది. కాలక్రమమున ఇరువది లక్షలకు మించిన జనులు అందు నమోదైరి. అదే సంవత్సరము మే నెలలో ఢిల్లీలోని వల్లభభాయి పటేలు వక్షోరోగ సంస్థలో జాతీయ పొగాకు విరమణ టెలిఫోను సేవ నెలకొన్నది. దాని నెంబరు 1800-11-2356. పిలుపునకు రుసుము లేదు. 2018లో ముంబయి, బెంగుళూరు, గౌహతి నగరములలోని సంస్థలు చేరగా, దక్షిణాది భాషలలో సంభాషించు సౌకర్యము బెంగుళూరులోని నిమ్హాన్సు నుండి ఏర్పడినది. ఫోను చేసిన వ్యక్తితో సలహాదారు స్వయముగా మాటలాడి, మాను రోజు నిర్ణయించుకొనుటలో తోడ్పడి, పిదప తామే తిరిగి ఫోను చేసి యోగక్షేమములు విచారింతురు. 2018 సెప్టెంబరు 1 నుండి ఆ నెంబరు పొగాకు పెట్టెలన్నింటి మీదను ముద్రితమగుచున్నది.

అయితే పెట్టె మీద ముద్రించుట వలన పని పూర్తియైనదని తలచుట పొరపాటు. ఈ దేశమున బీదవాడు సిగరెట్టు పెట్టె కొనడు, ఒక్క సిగరెట్టు కొనును. కొట్టువాడు పెట్టెను తన చేతనే యుంచుకొని, అందుండి ఒకటి తీసి యిచ్చును. కొట్టులో వ్రేలాడు తాటికి రగిలియున్న నిప్పుతో ముట్టించుకొని కొనుగోలుదారు నడచిపోవును. పెట్టె మీది బొమ్మగాని నెంబరుగాని అతని కంట పడవు. బీడీ కట్టకు చుట్టు కాగితము గుండ్రముగా ముడుచుకొని యుండుటచే, అందలి అక్షరములు చదువుటకు కట్టను త్రిప్పి త్రిప్పి చూడవలెను. ఈ దేశమున సిగరెట్టు కంటె బీడీ త్రాగువారే ఎక్కువ. పైన చెప్పిన సర్వేలో బీడీ వాడువారు నూటికి 7.7, సిగరెట్టు వాడువారు 4. కావున ఆ నెంబరు ఎవరికి మిక్కిలి యవసరమో వారికే మిక్కిలి దూరముగా నున్నది.

అది రోగి చేతికి తప్పక చేరు చోటు ఒకటి కలదు. అదియే ఓ.పి. చీటీ. రోగి దానిని పోగొట్టుకొనడు. మడతపెట్టి ప్లాస్టిక్ కవరులో దాచుకొని, మరుమారు తెచ్చును. వైద్యుడు మందుల పేర్లు వ్రాయు ఆ చీటీ మీదనే, మందులతో సమానముగా, ఆ నెంబరును వ్రాసి యిచ్చుట న్యాయము. ఇంకను మేలైనది, నర్సుగాని ఆరోగ్య కార్యకర్తగాని రోగి బల్ల వద్ద నుండగనే అతని ఫోనులో ఆ నెంబరు నొక్కించి, మొదటి పిలుపు అచ్చటనే చేయించుట. ‘ఇంటికి పోయి చేయుడు’ అని చెప్పిన పనులలో సగము జరుగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో వెలువరించిన చికిత్సా మార్గదర్శకములు, ఆసుపత్రికి వచ్చిన పొగాకు వాడుకరులందరికి ముప్పది సెకండ్ల నుండి మూడు నిమిషముల వరకు హితబోధ చేయుమనియు, దానికి తోడుగా సందేశములు, ఫోను ఆప్‌లు మున్నగు డిజిటల్ సాధనములను వాడవచ్చుననియు చెప్పుచున్నవి. మూడు నిమిషములలో ఒక నిమిషము ఈ మొదటి పిలుపునకు కేటాయించినచో మిగిలిన రెండు నిమిషముల మాటకు బలము వచ్చును.

ఇచ్చటనే చిన్న విచారణ యొకటి అవసరము: ఆ ఫోను ఎవరిది? చీటీ వ్రాయు గుమస్తాకు రోగి చెప్పు నెంబరు తరచుగా కుమారునిదో, అల్లునిదో, పొరుగింటివానిదో యగుచుండును. తండ్రి నాలుక బీడీకై పీకుచుండగా, ధైర్యవచనము చెన్నైలో ఉద్యోగము చేయు కుమారుని ఫోనులో మ్రోగినచో ఎవరికి ఉపకారము? వేరొక చిక్కును కలదు. తెలుగు దేశమున గాని తమిళ దేశమున గాని యువకుడు పెద్దల యెదుట పొగ త్రాగడు. త్రాగు సంగతి ఇంట తెలియనీయడు. అట్టివాని ఫోను బల్ల మీద నుండగా తెర మీద ‘ఈ రోజు సిగరెట్టు మానితిరా?’ అని వెలుగుట అతనిని ఇంట రట్టు చేయుటయే. రోగి అనుమతి లేక సందేశము పంపరాదు. ఏ వేళ పంపవలెనో అతనినే అడుగవలెను. తెర మీద కనబడు మొదటి మాటలో రోగము పేరుగాని పొగ పేరుగాని యుండరాదు. వ్యక్తుల సమాచారమును వారి సమ్మతితోనే వాడవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చెప్పుచున్నది. చట్టము లేకున్నను ఇది మర్యాద.

ఇక భాష. ఈ పథకములన్నింటిలో తక్కువ శ్రద్ధకు పాత్రమగుచున్నదియు, ఎక్కువ శ్రద్ధ కోరుచున్నదియు ఇదియే. సందేశములు సాధారణముగా ఇంగ్లీషున పుట్టి, పిదప దేశభాషలలోనికి మారును. ఇంగ్లీషు సందేశమొకటి 160 అక్షరముల వరకు ఒక్కటిగా పోవును. తెలుగు లిపిలో నైనచో 70 గుర్తులకే నిండిపోవును. అందును ఫోను యంత్రము గుడి, కొమ్ము, ఏత్వము, వత్తు మున్నగువాని నొక్కొక్క గుర్తుగా వేరువేరుగా లెక్కించును. కావున మాటకు మాటగా తెలిగించిన వాక్యము రెండు మూడు ముక్కలై రోగికి చేరును. పాత ఫోనులలో ముక్కలు తారుమారై చేరుటయు కలదు. దీనికి విరుగుడుగా కొందరు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి పంపుచుందురు. పట్టణపు పిల్లలకు అది అలవాటే గాని, బీడీ కాల్చు ఏబదియేండ్ల కూలివానికి అది తెలుగును కాదు, ఇంగ్లీషును కాదు.

‘ధూమపాన విరమణ ప్రక్రియలో మూడవ దినమున ఉపసంహరణ లక్షణములు తీవ్రతరము కాగలవు’ అను వాక్యమును చూడుడు. ఇట్టి పుస్తకములలో ఇది చెల్లును, ఫోనులో చెల్లదు. ‘ఇది మూడో రోజు. నాలుక పీకితే నీళ్లు తాగండి, నాలుగడుగులు వేయండి’ అనునది ఆ సంగతినే చెప్పును, డెబ్బది గుర్తుల లోపలనే ఇముడును, చదివిన మనిషి చేయవలసినది చెప్పును. పొగ కొరకు కలుగు తహతహకు తెలుగువారికి తమ మాట యున్నది: నాలుక పీకుట, నోరు పీకుట. దానిని విడిచి ‘తృష్ణ’ యనియు ‘వాంఛ’ యనియు వ్రాయుట వలన రోగి తన బాధను అందు గుర్తింపలేడు. అట్లే ‘మాను రోజు’ అనక ‘విరమణ దినాంకము’ అనుట. ఏకవచనమునకు దిగుటయు తగదు. అరువదియేండ్ల పెద్దమనిషిని యంత్రము ‘నువ్వు’ అని పిలిచినచో అతడు మరునాటి సందేశము తెరచి చూడడు. భయపెట్టుట మీద మోజును తగ్గించుకొనవలెను. భయపెట్టు పని పెట్టె మీది బొమ్మ చేయుచునే యున్నది. మానుటకు పూనుకొన్నవాడు భయపడియే పూనుకొనెను గదా.

మానినవాడు తిరిగి త్రాగుట సామాన్యము. ఒక్క యత్నముననే విడువగలిగినవారు కొద్దిమందియే. బ్రిటిషు పరిశోధనలో పొగ కావలెనని తోచినప్పుడు ఒక మాటయు, త్రాగివేసినప్పుడు వేరొక మాటయు పంపినచో వెంటనే బదులు వచ్చు నేర్పాటు చేసిరి. ఈ యేర్పాటే అన్నిటికంటె మెచ్చదగినది. రోజు కొకమారు హితవు చెప్పు యంత్రము గడియారము వంటిది. అడిగినప్పుడు పలుకు యంత్రము కొంతవరకు మనిషి వంటిది. తెలుగు అక్షరములు ఫోనులో కొట్టలేనివాని కొరకు మాటలకు మారుగా అంకె లుంచవచ్చును: నాలుక పీకినచో 1, త్రాగినచో 2. రెండు నొక్కినవానికి వచ్చు జవాబు మందలింపుగా నుండరాదు. ‘ఒక్కటి తాగితే అంతా పోయినట్టు కాదు. మిగిలినవి పారేయండి’ అనునంత చాలును.

చదువరాని వారి మాట యేమి? 2016 జనవరిలోనే గర్భిణీ స్త్రీలకు, బాలింతలకు ‘కిల్కారీ’ యను పేరున ఫోను ద్వారా రికార్డు చేసిన కంఠస్వరముతో ఆరోగ్య విషయములు వినిపించు పథకము మొదలైనది. గర్భము నాలుగవ నెల నుండి బిడ్డకు ఏడాది నిండు వరకు 72 సందేశములు. కంఠము ద్వారా చెప్పు మార్గము మంత్రిత్వశాఖకు క్రొత్తది కాదన్నమాట. పొగ మాను రోగికిని అదే పద్ధతి పనికివచ్చును. అయితే ఆ కంఠము ఎచ్చటి కంఠమో చూడవలెను. యానాము రోగికి గోదావరి జిల్లాల పలుకుబడి చెవికింపుగా నుండును. చెప్పవలసిన సంగతియు మారును. ఉత్తర కోస్తాలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్టను నిప్పు కొన నోటిలో నుంచుకొని త్రాగు అలవాటు కలదు. దానినే అడ్డపొగ యందురు. దాని వలన అంగిలికి క్యాన్సరు సోకుట వైద్యులు చిరకాలముగ గుర్తించిన విషయము. ‘సిగరెట్టు మానుడు’ అని ఢిల్లీ నుండి వచ్చు మాట ఆ అవ్వకు తగులదు. ఆమె సిగరెట్టు ఎన్నడును ముట్టినది కాదు.

ఫోను చేయజాలని పనులును కలవు. నికోటిను అలవాటు గట్టిగా పట్టినవానికి మందులు కావలెను. నికోటిను చూయింగు గమ్ము వంటివి 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో చేరినవి. వీని సంగతి వైద్యుడే నిర్ణయించి చెప్పవలెను. ఫోనులలో ఉచితముగా లభించు ఆప్‌ల విషయమున తొందరపాటు పనికిరాదు. సందేశముల వలన గుణము కలుగునని ఋజువైనట్లుగా ఆప్‌ల వలన కలుగునని 2019 నాటి అంతర్జాతీయ సమీక్షలో ఋజువు కాలేదు. ఫోను తెర మీద ప్రకటనలలో కనబడు ఎలక్ట్రానిక్ సిగరెట్లు పొగ మానుటకు సాధనములని నమ్మరాదు. 2019 చట్టము వాని అమ్మకమును దేశమున నిషేధించినది. సందేశములు పోవుచున్నవి గదా యని వైద్యుడు మాటలాడుట మానివేయుట అన్నిటికంటె పెద్ద ప్రమాదము. తాను చూచిన వైద్యుని మాటగా, తాను వెళ్లిన ఆసుపత్రి పేరున వచ్చిన సందేశమునకే రోగి విలువ యిచ్చును. ఎవరు పంపిరో తెలియని సందేశము అప్పులిత్తుమను ప్రకటనల నడుమ కలసిపోవును.

వీనినన్నిటిని ఒకేమారు దేశమంతట ఆరంభింప నక్కరలేదు. క్షయరోగుల విభాగముతో మొదలిడవచ్చును. పొగ త్రాగువారికి క్షయ సోకు ప్రమాదము హెచ్చు; చికిత్స పిమ్మట అది తిరిగి వచ్చుటయు, మరణించుటయు వారిలో ఎక్కువ. క్షయరోగులందరిని పొగాకు గురించి ప్రశ్నించి మానుటకు తోడ్పడవలెనని 2017లోనే మంత్రిత్వశాఖ ఉభయ కార్యక్రమములకు ఉమ్మడి విధానమును రూపొందించినది. క్షయరోగి పేరు, ఫోను నెంబరు ‘నిక్షయ్’ పట్టికలో ముందే చేరియుండును. మందులు మ్రింగినాడా యని అడుగుటకు ఫోనులు ఎట్లును పోవుచునే యున్నవి. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. పొగ మానినవాడు నిలకడగా మానెనా యని పరిశోధకులు చూచునదియు ఆరు నెలలే. పుదుచ్చేరిలోని క్షయ చికిత్సా కేంద్రములలో ఈ ఫోను పిలుపులకు పొగను గూర్చిన ఒక ప్రశ్నను తమిళమునను తెలుగునను చేర్చి, ఆరు నెలల తరువాత లెక్క చూచినచో, యానాములో 2024లో ప్రారంభమైన జిప్మరు విభాగమునకు ఏ మాటలను, ఏ కంఠమును పంపవలెనో తెలియును. ఆ మాటలు వ్రాయుటకు ముందు, యానాము టీ కొట్టుల వద్ద రెండు సాయంకాలములు కూర్చుండి వినగలవారిని ఆ పనికి నియమించుట మంచిది.